చదవడం వచ్చినవాళ్లు ఎందుకు చదవరు

పుస్తకాలు చదవని పెద్దవాళ్ల గురించి మాట వస్తే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి టైమ్ లేదు. రెండోది, ఫోన్ వచ్చి అంతా పాడుచేసింది. రెండింట్లోనూ నిజం లేకపోలేదు. కానీ అంతే బిజీగా ఉండేవాళ్లలో కొందరు ఎలాగో తీరిక చేసుకుని ఏటా పాతిక పుస్తకాలు చదివేస్తారు. ఫోన్లు రాకముందు కూడా పుస్తకం ముట్టనివాళ్లు బోలెడుమంది ఉండేవాళ్లు. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పుస్తకం అలవాటుగా మిగిలిపోతుంది, ఇంకొకరికి ఆఖరి పరీక్ష రాసిన రోజుతోనే దానితో సంబంధం తెగిపోతుంది. ఒకే ఇంట్లో అక్కకు అబ్బింది తమ్ముడికి అబ్బదు. టైమ్, ఫోన్ అనే జవాబులతో ఈ తేడా అర్థం కాదు.

ముందు కొన్ని అంకెలు. గత 12 నెలల్లో ఒక్క పుస్తకమైనా, కనీసం కొంతభాగమైనా చదివారా అని అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో అడిగింది. అచ్చు పుస్తకం, ఈబుక్, ఆడియోబుక్ ఏదైనా సరే అంది. అయినా 23 శాతం పెద్దలు లేదనే చెప్పారు. హైస్కూల్‌తో లేదా అంతకంటే ముందే చదువు ఆపేసినవాళ్లలో ఇది 39 శాతం, డిగ్రీ ఉన్నవాళ్లలో 11. అంటే డిగ్రీ చేతికొచ్చినా తొమ్మిది మందిలో ఒకరు ఏడాదంతా పుస్తకం తెరవలేదు. అదే దేశంలో జనం రోజును ఎలా గడుపుతున్నారో నమోదు చేసే సర్వే ఒకటి ఉంది. దాని 20 ఏళ్ల లెక్కలను పరిశీలించిన అధ్యయనం 2025లో వచ్చింది. ఏదో ఒక రోజు తీసుకుని చూస్తే, ఆ రోజు తమ ఇష్టం కొద్దీ ఏదైనా చదివినవాళ్లు 2004లో 28 శాతం ఉన్నారు, 2023 నాటికి 16 శాతానికి పడిపోయారు. అందులోనే ఇంకో సంగతి ఉంది, వార్తల్లో అది అంతగా కనబడలేదు. చదివేవాళ్లు మాత్రం మునుపటికంటే కాస్త ఎక్కువసేపే చదువుతున్నారు. అందరూ తలా కొంచెంసేపు తగ్గించుకున్నారని కాదు, ఏ రోజు చూసినా అసలు చదవనివాళ్లు పెరిగారు. మధ్యలో ఉండే ‘అప్పుడప్పుడూ చదివేవాళ్లు’ అనే గుంపే కరిగిపోతోందేమో అనిపిస్తుంది.

ఇది ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పెద్దవాళ్లను వదిలేసి, ఎనిమిదేళ్ల పిల్లను చూడాలి.

పిల్ల కథల పుస్తకం పట్టుకుని కూర్చుంది. వేలు అక్షరాల వెంట నడుస్తోంది. ‘అకస్మాత్తుగా’ అన్న మాట దగ్గర వేలు ఆగింది. ‘అ... క... స్మా...’ అని కూడబలుక్కుంటోంది. రెండు ఒత్తులూ దాటుకుని ఆ మాట పూర్తయ్యేసరికి, వాక్యం మొదట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరారో మర్చిపోయింది. పక్కన కూర్చున్న అమ్మకు ఓపిక నశించి ‘అకస్మాత్తుగా, అంతే కదా, తర్వాత చదువు’ అని అందించేసింది. పేజీ పూర్తయింది, కథ మాత్రం పిల్లకు అందనే లేదు. ఆ పేజీలో ఆ పిల్ల చేసిందంతా చాకిరీ. అదే క్లాసులో ఇంకో పిల్ల ఆ మాటను చూడగానే, అక్షరాలు కూడబలుక్కోకుండానే, గుర్తుపట్టి ముందుకు వెళ్లిపోయి, నక్క ఏం చేసిందో చదివి నవ్వుకుంటోంది. బయటినుంచి చూస్తే ఇద్దరూ చేస్తున్నది ఒకే పని.

మాటలు నేర్చుకున్నట్టు చదవడం దానంతట అది రాదు. రాత పుట్టి సుమారు 5000 ఏళ్లే అయింది కాబట్టి దానికంటూ మెదడులో పుట్టుకతో వచ్చిన భాగం ఏదీ లేదు. చూపు పనికీ మాట పనికీ ఉన్న భాగాలనే కొత్తగా జతచేసుకోవాలి, వేలసార్లు సాధన చేస్తేగానీ ఆ జత గట్టిపడదు. అక్షరాలను గుర్తుపట్టడానికే మనసంతా ఖర్చయిపోతున్నంతకాలం అర్థానికి మిగిలేది తక్కువ. అర్థం అందకపోతే ఆనందం లేదు, ఆనందం లేకపోతే మళ్లీ పుస్తకం పట్టాలనిపించదు, పట్టకపోతే సాధన లేదు. బాగా చదివే పిల్లకు ఇదే చక్రం ఎదురువైపు తిరుగుతుంది. కెనడాకు చెందిన మనస్తత్వవేత్త కీత్ స్టానోవిచ్ 1986లో దీన్ని వివరంగా రాశాడు. ఆయనా ఆన్ కన్నింగ్‌హామ్ కలిసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటో తరగతిలో ఎంత సులువుగా చదవగలిగారన్నదాన్ని బట్టి పదకొండో తరగతికి వచ్చేసరికి ఎంత విరివిగా చదువుతారో కొంతవరకు ఊహించవచ్చని తేలింది. పదకొండో తరగతిలో వాళ్ల చదివే సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

నెదర్లాండ్స్‌లో ఏడున్నరేళ్ల కవలపిల్లల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం, 2018లో వచ్చింది, దీన్ని ఇంకొంచెం నిక్కచ్చిగా చెప్పింది. ఎక్కువ చదవడం వల్ల బాగా చదవగలుగుతున్నారా, బాగా చదవగలగడం వల్ల ఎక్కువ చదువుతున్నారా అన్నది వాళ్ల ప్రశ్న. కనీసం ఆ వయసులో రెండోదే నిజమని తేలింది. సులువుగా చదవగలిగిన పిల్లలే ఇష్టంగా పుస్తకం తీస్తున్నారు. ‘మావాడికి ఇంట్రెస్ట్ లేదండీ’ అన్న మాట వినబడ్డప్పుడల్లా దీన్ని గుర్తుచేసుకోవడం మంచిది. చాలామంది పిల్లల్లో ఇంట్రెస్ట్ లేకపోవడం అసలు రోగం కాదు, లక్షణం.

డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమయ్యే ఇబ్బంది, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమ్మకో నాన్నకో అది ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఇంచుమించు 45 శాతమని కుటుంబాల మీద జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన 2016 నాటి సమీక్ష తేల్చింది. నేటి పెద్దవాళ్లలో చాలామంది చిన్నతనంలో దానికి పేరు పెట్టినవాళ్లే లేరు. ‘మొద్దు’ అన్నారు, ‘దృష్టి నిలపడు’ అన్నారు. వాళ్లే ఇప్పుడు తల్లిదండ్రులు. పిల్లవాడి పక్కన పుస్తకం పట్టుకుని కూర్చోమంటే వాళ్లకు కలిగే అసౌకర్యం బద్ధకం కాదు.

ఇంట్లో పుస్తకాలుంటే పిల్లలు చదువుతారు అనే మాట చాలా పాతది, దానికి అంకెల బలం కూడా ఉంది. 27 దేశాల సమాచారంతో 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒక్క పుస్తకమూ లేని ఇళ్లలో పెరిగినవాళ్లకంటే 500 పుస్తకాలున్న ఇళ్లలో పెరిగినవాళ్లు సగటున మూడేళ్లకు పైగా ఎక్కువ చదువుకున్నారు. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం లెక్కలోంచి తీసేశాక కూడా అంత తేడా ఉంది. అదే పరిశోధకుల్లో కొందరు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 31 సమాజాలకు చెందిన 1,60,000 మంది పెద్దవాళ్ల సర్వే వివరాలు పరిశీలించారు. మీకు 16 ఏళ్లప్పుడు ఇంట్లో సుమారుగా ఎన్ని పుస్తకాలుండేవి అని ఆ సర్వేలో అడిగారు. ఎనభై దాకా ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ల చదివే నైపుణ్యం సగటుకు చేరింది. 350 దాటాక పుస్తకాలు పెరిగినా పెద్దగా తేడా లేదు.

అయితే దీన్ని చూసి అల్మారా కొనడానికి పరిగెత్తనక్కర్లేదు. పుస్తకాలు కొనే తల్లిదండ్రులు ఎక్కువగా బాగా చదవగలిగినవాళ్లే అయి ఉంటారు, ఆ తేలికతనం కొంత రక్తంలోనే పిల్లలకు వస్తుంది. కవలల మీద జరిగిన పరిశోధనల్లో, చదివే సామర్థ్యంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సగానికి పైనే జన్యువుల ఖాతాలోకి వెళ్తుందని పదేపదే తేలింది. కాబట్టి అల్మారా కారణమా, కారణానికి గుర్తు మాత్రమేనా అన్న అనుమానం సహజం. నెదర్లాండ్స్ పరిశోధకులే 2017లో తల్లిదండ్రుల చదివే సామర్థ్యాన్ని కూడా పరీక్షించి దాన్ని లెక్కలోంచి తీసేసి చూశారు. ఇంటి వాతావరణానికి ఆపాదించే సంగతులు చాలా వరకు తేలిపోయాయి. ఇంట్లో ఉన్న పుస్తకాల సంఖ్య మాత్రం నిలిచింది. అంటే అల్మారాకు ఎంతో కొంత సొంత బలం ఉంది, మనం అనుకున్నంత మాత్రం కాదు. గాజు తలుపుల వెనక తాళం వేసి, అతిథులకు చూపించడానికి పెట్టిన సెట్లు ఈ లెక్కలో ఏ వరుసలోకి వస్తాయో ఎవరికి వాళ్లే ఊహించుకోవచ్చు.

అక్షరాలు సులువైపోయిన పిల్లలకు కూడా అలవాటు జారిపోయే వయసు ఇంకోటి ఉంది. అమెరికాలో పిల్లల పుస్తకాలు ప్రచురించే స్కొలాస్టిక్ సంస్థ చేయించే సర్వేల్లో ఎనిమిదేళ్లకూ తొమ్మిదేళ్లకూ మధ్య ఇష్టంగా చదివేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా తగ్గడం కనబడుతుంది. ఇంచుమించు అదే సమయంలో ఇళ్లలో ఇంకో మార్పు జరుగుతుంది. ‘నీకు చదవడం వచ్చేసిందిగా, ఇక నువ్వే చదువుకో’ అని పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివి వినిపించడం ఆపేస్తారు. పిల్లవాడి వైపునుంచి చూస్తే ఇది శిక్షలా ఉంటుంది. నేర్చుకున్నందుకు ఒళ్లో కూర్చునే చోటు పోయింది. పైగా ఆ వయసులో పిల్లలు విని అర్థం చేసుకోగలిగిన కథలు వాళ్లు సొంతంగా చదవగలిగినవాటికంటే చాలా పెద్దవి, చిక్కగా ఉంటాయి. వినడం ఆగిపోతే వాళ్లకు మిగిలేవి తమ తెలివికి తక్కువైన చిన్న పుస్తకాలు. బోర్ కొట్టడంలో ఆశ్చర్యం లేదు.

అక్కడినుంచి బడి పుస్తకాలు బరువెక్కుతాయి. పాఠం చదివితే వెనకే ప్రశ్నలుంటాయి, కథ చదివినా నీతి ఏమిటో రాయాలి. ఇంట్లో కూడా పుస్తకం క్రమశిక్షణ సాధనమైపోతుంది. అల్లరి చేస్తే ‘వెళ్లి పుస్తకం తీయ్’. ఫోన్ లాక్కుని చేతిలో పుస్తకం పెట్టడం ఇప్పటి పద్ధతి. పోగొట్టుకున్నదానికి బదులుగా ఇచ్చిన వస్తువు మీద ఎవరికైనా ప్రేమ పుడుతుందా? ఇంకో వైపు బహుమతుల దారి. పది పుస్తకాలు పూర్తిచేస్తే సైకిల్ కొంటాం అంటారు. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు 1973లో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టంగా ఉన్న పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత బహుమతి లేనప్పుడు ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువసేపు బొమ్మలు వేశారు. పుస్తకాల సైకిల్ కథ కూడా చాలా ఇళ్లలో ఇలాగే ముగుస్తుంది. సైకిల్ వస్తుంది, పదకొండో పుస్తకం రాదు.

ఫలితం బయటికి కనబడుతూనే ఉంది. 15 ఏళ్ల పిల్లల మీద 2018లో జరిగిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షతో పాటు అడిగిన ప్రశ్నల్లో, తప్పనిసరైతేనే చదువుతాను అన్నవాళ్లు, ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న ఓఈసీడీ కూటమి దేశాల్లో ఇంచుమించు సగం మంది. బ్రిటన్‌లో నేషనల్ లిటరసీ ట్రస్ట్ 2025 సర్వేలో ఖాళీ సమయంలో చదవడం ఇష్టమన్న 8 నుంచి 18 ఏళ్ల పిల్లలు మూడోవంతు కూడా లేరు. ఆ సంస్థ 20 ఏళ్లుగా ఈ ప్రశ్న అడుగుతోంది, ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. వీళ్లే రేపటి ‘చదవని పెద్దవాళ్లు’.

ఇప్పుడు పెద్దవాళ్ల దగ్గరికి వద్దాం. పెద్దవాడు చదవకపోవడానికి పిల్లనాటి కారణం ఒక్కటే చాలదు, అప్పట్లో బాగా చదివినవాళ్లు కూడా మానేస్తుంటారు. ఒక కారణం నలభైల్లో కంటి దగ్గర వస్తుంది. దగ్గర చూపు మసకబారడం వయసుతో అందరికీ వచ్చేదే. కానీ అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. పుస్తకం కాస్త దూరం జరుపుతారు, లైటు కిందకు మారతారు, పది నిమిషాల్లో తల నొప్పి వస్తే ‘ఈమధ్య పుస్తకాల మీద మనసు పోవట్లేదు’ అనుకుంటారు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కాబట్టి అక్కడ ఇబ్బంది తెలియదు. సరైన కళ్లద్దాలు లేక దగ్గర చూపుతో ఇబ్బంది పడుతున్నవాళ్లు ప్రపంచంలో 82.6 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక లెక్కగట్టింది.

ఇంకో కారణం వేగం. ఇంగ్లిష్‌లో పెద్దవాళ్లు కథ కాని పుస్తకాన్ని మనసులో చదువుకునే సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఆ లెక్కన 90,000 మాటల పుస్తకానికి ఆరుంబావు గంటలు చాలు. సగం వేగంతో చదివేవాడికి పన్నెండున్నర గంటలు పడుతుంది. ‘వారంలో ఒక పుస్తకం పూర్తిచేశా’ అనే స్నేహితుణ్ని చూసి అతను తనలో ఏదో లోపం ఉందనుకుంటాడు. నిజానికి ఇద్దరికీ ఆ పుస్తకం ఖరీదు వేరు. ఓఈసీడీ 2023లో చేసిన పెద్దల నైపుణ్యాల సర్వే ప్రకారం ఆ దేశాల్లో 16 నుంచి 65 ఏళ్లవాళ్లలో 26 శాతం, చదవడంలో ఒకటో మెట్టు దగ్గరో దానికి దిగువనో ఉన్నారు. చిన్న, సూటి పేరాల వరకు వాళ్లు నెట్టుకు రాగలరు. నిడివి పెరిగేకొద్దీ పట్టు జారుతుంది. వీళ్లను నిరక్షరాస్యులు అనలేం. పుస్తకం మాత్రం వాళ్ల చేతికి అందే ఎత్తులో లేదు.

వీటన్నింటికంటే తక్కువ చర్చకు వచ్చేది ఇంట్లో చదివే మనిషికి ఉండే హోదా. వంట చేస్తున్న మనిషిని, లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని పిలిచే ముందు ఇంట్లోవాళ్లు ఒక్క క్షణం ఆలోచిస్తారు. పుస్తకం పట్టుకున్న మనిషి మాత్రం అందరి కంటికీ ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది. ‘ఊరికే కూర్చున్నావుగా, ఆ తలుపు తీయవా’, ‘చదువుకుంటున్నావు కదా, తర్వాత చదువుకోవచ్చులే, ఇది చూడు’. పది నిమిషాల్లో నాలుగుసార్లు లేచాక అదే పేరా మూడోసారి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇది ఆడవాళ్ల విషయంలో మరీ ఎక్కువ. ఇంటి పని ఎప్పటికీ పూర్తికాదు కాబట్టి, పని మిగిలుండగా పుస్తకం పట్టుకోవడం నిర్లక్ష్యం కింద జమ అవుతుంది. ఫోన్ చూడటానికి ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఫోన్‌ను ఎప్పుడైనా కింద పెట్టి మళ్లీ తీయవచ్చు, మధ్యలో తెగిపోయేదంటూ అందులో ఏమీ ఉండదు. మధ్యలో లేపినా నష్టం లేని పనులే ఇళ్లలో బతుకుతాయి. పుస్తకం బతకాలంటే ఎవరో ఒకరు అడ్డుపడి ‘ఇప్పుడు కాదు, చదువుతోంది’ అనాలి. చదివే కుటుంబాలుగా పేరుపడ్డ ఇళ్లలో అసలు తేడా అభిరుచిలో కంటే ఇక్కడే ఎక్కువ ఉంటుందనిపిస్తుంది. పిల్లలు కూడా చూసి నేర్చుకునేది దీన్నే.

పిల్లలు చూడటం గురించి ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. నాన్న అరగంట ఫోన్లో మంచి వ్యాసం చదివాడనుకుందాం. పిల్లవాడికి కనబడింది అరగంట ఫోన్ పట్టుకున్న నాన్న. తెర మీద ఉన్నది వ్యాసమో, వీడియోనో, ఆఫీసు మెసేజో బయటికి తెలియదు. అచ్చు పుస్తకమైతే అట్ట చూసి ‘ఇదేంటి?’ అని అడిగే వీలుంటుంది. స్క్రీన్ మీద చదివినప్పుడు, ముఖ్యంగా సమాచారం ఉన్న పాఠాలను టైమ్ పెట్టుకుని చదివినప్పుడు, అర్థం కాస్త తక్కువగా వంటబడుతుందని 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెప్పింది. ఆ తేడా చిన్నదే. ఇంట్లో చదువు కనబడకుండా పోవడం దానికంటే పెద్ద నష్టం.

మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను ఈ విషయంలో మరీ బిగించి పట్టుకోనక్కర్లేదు. నడివయసులో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు, మొదలుపెట్టి ఓడిపోయేవాళ్లూ ఉన్నారు. ఓడిపోవడానికి చాలాసార్లు పుస్తకం ఎంపికే కారణం. పదేళ్ల తర్వాత చదవబోతూ, అందరూ గొప్పదన్న వెయ్యి పేజీల గ్రంథమో, జీవితాన్ని బాగుచేస్తానని చెప్పే పుస్తకమో ఎంచుకుంటారు. ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆగిపోతారు. అది పూర్తికాకుండా ఇంకోటి మొదలుపెట్టడం తప్పనిపిస్తుంది, ఈ తప్పు అనే భావం బడి నుంచి వచ్చిందే. మంచం పక్కన ఆ ఒక్క పుస్తకమే ఏడాది పాటు దుమ్ము కొట్టుకుంటూ ఇంకో పుస్తకం రాకుండా అడ్డం పడుతుంది. అలవాటుగా చదివేవాళ్లను గమనిస్తే, వాళ్లు మొహమాటం లేకుండా సగంలో వదిలేసిన పుస్తకాలు బోలెడు ఉంటాయి. ఆడియోబుక్‌లను చదవడం కింద లెక్కేయాలా అనే వాదన కూడా అనవసరమైనదే. ఒకే పుస్తకంలోని భాగాలను కొందరికి వినిపించి, కొందరితో చదివించి, కొందరికి రెండూ కలిపి ఇచ్చి 2016లో ఒక అధ్యయనం చేశారు. ఎంత అర్థమైందన్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

ఏం చేసినా పుస్తకం పట్టనివాళ్లు ఉంటారు. వాళ్లు యంత్రాలతో, మనుషులతో, పాటతో, ఆటతో నిండుగానే బతుకుతుంటారు. వాళ్లను సంస్కరించాలని బయల్దేరే భార్యలకీ భర్తలకీ సాధారణంగా దొరికేది గొడవే. అయితే తాము చదవం కాబట్టి పిల్లలకు ఏమీ చేయలేమని వాళ్లు అనుకోనక్కర్లేదు. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగంలో తల్లిదండ్రులకు నేర్పింది చాలా చిన్న సంగతి. చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం చూపిస్తూ గడగడా చదివేయకుండా, ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’, ‘వాడు ఎందుకలా చేశాడు?’ అని అడిగి, పిల్ల చెప్పినదానికి ఇంకొంచెం కలిపి తిరిగి చెప్పడం. నాలుగు వారాలు ఇలా చేసిన ఇళ్లలో పిల్లల మాటతీరు, మామూలుగా చదివి వినిపించిన ఇళ్ల పిల్లలకంటే స్పష్టంగా ముందుకెళ్లింది. ఆ ప్రశ్నలు వేయడానికి పెద్ద చదువరి కానక్కర్లేదు. అక్షరాలతో ఇబ్బందిపడే నాన్న కూడా బొమ్మ మీద వేలు పెట్టి అడగగలడు, పిల్ల చెప్పేది విని ‘ఆ తర్వాత?’ అనగలడు.